తెలుగు శాసనసభల చరిత్ర – 17: రాజీనామా చీటీలో రాయని కారణం

శాసనసభ్యుడు పదవి వదులుకోవాలంటే రాయవలసింది రెండు ముక్కలు. ఫలానా నియోజకవర్గం నుంచి ఎన్నికైన నేను ఫలానా తేదీ నుంచి సభ్యత్వానికి రాజీనామా చేస్తున్నాను, దయచేసి ఆమోదించండి. కింద సంతకం, తేదీ. విలేకరులు ‘స్పీకర్ ఫార్మాట్’ అనేది దీన్నే. ఎందుకు రాజీనామా చేస్తున్నారో అందులో చెప్పకూడదు. ప్రాంతానికి అన్యాయం జరిగిందనో, ప్రభుత్వం మాట తప్పిందనో నాలుగు వాక్యాలు చేరిస్తే, అది రాజీనామా కాదు నిరసన లేఖ అని పక్కన పెట్టడానికి దారి దొరుకుతుంది. మన శాసనసభల్లో వచ్చిన ఉప ఎన్నికలన్నీ వరసగా పెట్టి చూస్తే నాకు కనిపించింది ఇదీ: ఆ చీటీలో రాయకూడని కారణాన్నే ఓటరు తూచాడు. ఎవరు నిలబడ్డారు, ఏ పార్టీ అధికారంలో ఉంది అన్నవి తర్వాతి లెక్కలు. కుర్చీ ఎందుకు ఖాళీ అయింది, ఆ ఖాళీ వెనక నిజమైన ప్రశ్న ఉందా లేదా అన్నది మొదటి లెక్క. ఈ భాగంలో ఆ మాటకు ఆధారాలు చూపిస్తాను. దానికి ఎదురు నిలిచే సంగతులనూ దాచను.

గత భాగంలో శాసనమండలి రద్దు, పునరుద్ధరణ చూశాం. ఉప ఎన్నికల కథకు ఆ సంగతితో దగ్గరి సంబంధం ఉంది. సభలో సభ్యుడు కానివారు ముఖ్యమంత్రో మంత్రో అయితే 6 నెలల్లో ఏదో ఒక సభలో సభ్యులు కావాలని రాజ్యాంగం 164వ అధికరణం చెబుతుంది. మండలి ఉంటే ప్రజల ముందుకు పోకుండానే ఆ గడువు దాటవచ్చు. 1952లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ చేసింది అదే. గవర్నర్ ఆయన్ను మండలికి నామినేట్ చేశారు, ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోవే. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం మండలిని రద్దు చేయించాక ఆ దొడ్డిదారి మూసుకుపోయింది. 1992 అక్టోబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రి అయినప్పుడు సభలో ఆయనకు సీటు లేదు. పాణ్యంలో కాటసాని రాంభూపాల్ రెడ్డి తన సీటు ఖాళీ చేశారు, 1993లో కోట్ల అక్కడి నుంచి ఉప ఎన్నికలో గెలిచి సభలోకి వచ్చారు. 2007లో మండలి తిరిగి వచ్చింది. 2009లో రోశయ్య ముఖ్యమంత్రి అయ్యేనాటికి మండలి సభ్యులు, ఆయనకు ఉప ఎన్నికతో పని పడలేదు. మనం పార్లమెంటరీ పద్ధతిని తెచ్చుకున్న బ్రిటన్‌లో ఒకప్పుడు ఇంతకన్నా కఠినమైన నియమం ఉండేది. కామన్స్ సభ్యుడు మంత్రి పదవి తీసుకుంటే, అప్పటికే గెలిచి ఉన్నా సరే, తన సీటు వదిలి మళ్ళీ ఓటర్ల దగ్గరికి వెళ్ళాలి. 1908లో మంత్రి పదవి అందుకున్న చర్చిల్ మాంచెస్టర్‌లో అలాంటి ఉప ఎన్నికలోనే ఓడిపోయి, మరో ఊరు వెతుక్కోవలసి వచ్చింది. ఆ నియమం 1926 వరకు పూర్తిగా పోలేదు. అంటే ఉప ఎన్నికకు మూలంలోనే రెండు పనులు ఉన్నాయి. ఒకటి ఖాళీ నింపడం. రెండోది, ‘నేను ఈ పని చేశాను, మీకు సమ్మతమేనా’ అని అడగడం. మన రాజ్యాంగం మొదటి పనినే ఉంచుకుంది. రెండో పనిని చట్టంతో నిమిత్తం లేకుండా తెలుగు నేల మీద రాజకీయాలు తిరిగి తెచ్చుకున్నాయి.

తెచ్చుకోకముందు చాలా కాలం ఉప ఎన్నికలు నాయకుల వీలును బట్టి వచ్చాయి. ఎన్టీఆర్ 1983లో గుడివాడ, తిరుపతి రెండింట్లో గెలిచారు. 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడింట్లో గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. 1994లో హిందూపురంతో పాటు టెక్కలిలోనూ గెలిచారు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడు చోట్లా తనకు ఆదరణ ఉందని చూపడం 1985 నాటి ఉద్దేశం, అది నెరవేరింది కూడా. అయితే మిగిలిన సీట్లలో జనం నెలలు తిరక్కుండానే మళ్ళీ వరస కట్టవలసి వచ్చింది. ఒక అభ్యర్థి రెండు చోట్లకు మించి నిలబడకూడదని 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. ఖాళీ పడిన 6 నెలల్లో ఉప ఎన్నిక జరపాలనే 151ఎ సెక్షన్ కూడా ఆ ఏడాదే వచ్చింది. సభ కాలం ఏడాదిలోపే మిగిలి ఉంటే ఈ నిబంధన వర్తించదు. ఆ ఏడాది గీతను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, చివర్లో దానితో పని ఉంది.

ఇప్పుడు సిద్దిపేటకు వద్దాం. ఉప ఎన్నికల చరిత్ర రాసేవారెవరైనా ఆ ఊళ్ళో కొంతసేపు ఆగక తప్పదు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వీధుల్లో చల్లబడుతున్న వేళ, 1970లో అక్కడ ఉప ఎన్నిక జరిగింది. తెలంగాణ ప్రజా సమితి అభ్యర్థి అనంతుల మదన్‌మోహన్ గెలిచారు. ఉద్యమం తగ్గిపోయిందని పాలకులు అనుకుంటున్న చోట ఓటు పెట్టె వేరే మాట చెప్పింది. మరుసటి ఏడాది మార్చిలో లోక్‌సభ ఎన్నికలు వస్తే తెలంగాణలోని 14 స్థానాల్లో 10 ప్రజా సమితికే దక్కాయి. సెప్టెంబరుకల్లా ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది, మదన్‌మోహన్ కూడా కాంగ్రెస్ మనిషయ్యారు. 1983లో ఆయన మీద పోటీ చేసి వెయ్యిలోపు ఓట్ల తేడాతో ఓడిన యువకుడు కె.చంద్రశేఖరరావు. 1985 నుంచి ఆ సీటు చంద్రశేఖరరావుది. 2001 ఏప్రిల్ 27న ఆయన డిప్యూటీ స్పీకర్ పదవి, శాసనసభ్యత్వం, తెలుగుదేశం ప్రాథమిక సభ్యత్వం మూడూ ఒకేసారి వదిలేసి తెలంగాణ రాష్ట్ర సమితి (టీఆర్ఎస్) పెట్టారు. సభలో కూర్చునే పార్టీ మారవచ్చు, కాని పాత పార్టీ గుర్తు మీద తెచ్చుకున్న సీటును పట్టుకుని మారలేదు. ఆ సెప్టెంబరులో సిద్దిపేట ఉప ఎన్నికలో ఆయన 58 వేలకు పైగా మెజారిటీతో తిరిగి గెలిచారు. కొత్త పార్టీకి అసలైన పునాది జెండా పండుగ నాడు పడలేదు, ఈ లెక్కింపు రోజున పడింది. ఆ తర్వాత సిద్దిపేట ఓటరు 2004లో సాధారణ ఎన్నికకు, అదే ఏడాది ఉప ఎన్నికకు, 2008లో ఉప ఎన్నికకు, 2009లో సాధారణ ఎన్నికకు, 2010లో మళ్ళీ ఉప ఎన్నికకు వెళ్ళాడు. 9 ఏళ్ళలో ఒకే అసెంబ్లీ సీటుకు 6 సార్లు వేలికి సిరా అంటింది.

రాజీనామా చేస్తే చాలు జనం నెత్తిన పెట్టుకుంటారని దీన్నుంచి ఎవరైనా అనుకుంటే పొరపాటు. 2006లో కరీంనగర్ లోక్‌సభ సీటుకు చంద్రశేఖరరావు రాజీనామా చేశారు. రాష్ట్ర మంత్రి ఒకరు దమ్ముంటే మళ్ళీ గెలవమని సవాలు విసిరిన సందర్భం అది. డిసెంబరు ఉప ఎన్నికలో మెజారిటీ 2 లక్షలు దాటింది. ఏడాదిన్నర కాకుండానే, 2008 మార్చిలో ఆ పార్టీకి మిగిలిన 16 మంది శాసనసభ్యులు, 4 ఎంపీలు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. సభ కాలం ముగియడానికి ఏడాదికి కాస్త పైనే ఉంది. మే నెలాఖరున మరో 2 ఖాళీలతో కలిపి 18 అసెంబ్లీ సీట్లకు పోలింగ్ జరిగితే టీఆర్ఎస్‌కు 7, కాంగ్రెస్‌కు 6, తెలుగుదేశానికి 5 వచ్చాయి. కరీంనగర్‌లో 2 లక్షల మెజారిటీ 15 వేల చిల్లరకు పడిపోయింది. అడిగిన కోరిక అదే, అడిగిన నాయకుడూ అతనే, జిల్లాలూ అవే. ఇంత తేడా ఎందుకు వచ్చింది? 2006లో సవాలు ఎదుటివాడిది, దానికి రాజీనామా జవాబు. 2008లో రాష్ట్రంలోనూ ఢిల్లీలోనూ కొత్తగా జరిగింది ఏమీ లేదు. సాధారణ ఎన్నికలు కనుచూపు మేరలో ఉన్నాయి. ఇప్పుడే ఎందుకు అన్న ప్రశ్నకు జనానికి తృప్తికరమైన జవాబు దొరకలేదు. తెలంగాణ మీద ప్రేమ 2 ఏళ్ళలో ఆవిరైందని ఆనాడు కొందరు రాశారు. 2 ఏళ్ళు గడిచేసరికి ఆ అంచనా ఎంత తప్పో తేలింది.

2009 డిసెంబరు 9న రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్రం ప్రకటించింది, 23న వెనక్కి తగ్గింది. తెలంగాణలోని చాలా పార్టీల సభ్యులు రాజీనామాలంటూ కాగితాలు ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ విధివిధానాలు చూశాక తెలంగాణ సంయుక్త కార్యాచరణ సమితి (జేఏసీ) మళ్ళీ పిలుపునిస్తే, చివరిదాకా నిలిచి రాజీనామాలు ఆమోదింపజేసుకున్నవారు 12 మందే. 10 మంది టీఆర్ఎస్, ఒకరు బీజేపీ, తెలుగుదేశం నుంచి వచ్చిన వేములవాడ సభ్యుడు ఒకరు. కాబట్టి ఆ జూలై ఉప ఎన్నికలో ఓటరు ముందు ఉన్నవి రెండు రకాల రాజీనామాలు: నిలబడ్డవి, వెనక్కి తీసుకున్నవి. ఫలితం తెలిసిందే. 12 మందికి 12 మందీ తిరిగి గెలిచారు. నిజామాబాద్ అర్బన్‌లో అప్పటి పీసీసీ అధ్యక్షుడు డి.శ్రీనివాస్ బీజేపీ అభ్యర్థి చేతిలో ఓడారు. సిద్దిపేటలో చంద్రశేఖరరావు తర్వాత ఆ సీటుకు వచ్చిన హరీశ్‌రావు మెజారిటీ 95 వేలు దాటింది. ఆ ఎన్నికలో ఒక చిన్న సంగతి ఉద్యమం ఊపును ఇంకా దగ్గరగా చూపిస్తుంది. ఓటింగ్ యంత్రాల మీద ఉద్యమకారులకు నమ్మకం లేదు. అప్పటి యంత్రానికి 64 మంది పేర్లకు మించి ఎక్కవు. ఒక్కో యూనిట్ మీద 16 పేర్లు, అలాంటివి 4 దాకానే జోడించవచ్చు. 65వ అభ్యర్థి ఉంటే కాగితం బ్యాలెట్టే గతి. అందుకని కొన్ని నియోజకవర్గాల్లో పనిగట్టుకుని అంతమంది చేత నామినేషన్లు వేయించారు. అంతమందీ డిపాజిట్ సొమ్ము కట్టారు, పోతుందని తెలిసే కట్టారు. ఆ సీట్లలో ఓటరు చేతికి పొడవాటి బ్యాలెట్ కాగితం వచ్చింది, దాన్ని జాగ్రత్తగా మడిచి పెట్టెలో వేశాడు. నిబంధనల పుస్తకాన్ని సామాన్య కార్యకర్తలు అంత శ్రద్ధగా చదివి వాడుకున్న ఉదంతం మన ఎన్నికల చరిత్రలో అరుదు.

‘అది గాలి, గాలి వీచినప్పుడు ఎవరు నిలబడ్డా గెలుస్తారు, రాజీనామా కారణాన్ని తూచారనడం తర్వాత అల్లిన కథ’ అని ఎవరైనా అనవచ్చు. బలమైన అభ్యంతరమే. దీన్ని పరీక్షించడానికి చరిత్ర మనకు ఒక మంచి రోజును ఇచ్చింది, 2012 మార్చి 18. ఆ రోజు తెలంగాణలో 6 సీట్లకు పోలింగ్. ఆదిలాబాద్, కామారెడ్డి, స్టేషన్ ఘన్‌పూర్, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ సభ్యులు తెలంగాణ కోసం రాజీనామా చేసినవారు. కాంగ్రెస్‌నో తెలుగుదేశాన్నో వదిలి వచ్చినవారు. ఆరోది మహబూబ్‌నగర్, అక్కడి స్వతంత్ర సభ్యుడు మరణించడంతో ఖాళీ అయింది. గాలే అన్నీ తేల్చేట్టయితే ఆరూ ఒకేలా రావాలి. రాజీనామా చేసిన అయిదుగురూ గెలిచారు. నలుగురు టీఆర్ఎస్ గుర్తు మీద, నాగం జనార్దనరెడ్డి స్వతంత్రుడిగా. మహబూబ్‌నగర్‌లో మాత్రం టీఆర్ఎస్ ఓడి బీజేపీ గెలిచింది. రెండు పార్టీలూ తెలంగాణ కావాలన్నవే, కాబట్టి అక్కడ ఓటరు ఇతర లెక్కలు చూసుకునే వీలు కలిగింది. అంతకుముందు 2011 అక్టోబరులో బాన్సువాడలో తెలుగుదేశానికీ, సీటుకీ రాజీనామా చేసిన పోచారం శ్రీనివాసరెడ్డి కూడా దాదాపు 50 వేల మెజారిటీతో తిరిగి వచ్చారు. 2010లో 12, 2011లో 1, 2012లో 5 కలిపితే 18 మంది తెలంగాణ కోసం సీటు వదిలి మళ్ళీ ప్రజల ముందుకు వెళ్ళారు. 18 మందీ గెలిచారు. కారణాన్ని తూచారనడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం నేను చూపలేను.

అదే ఏడాది జూన్ 12న ఆంధ్ర, రాయలసీమల్లో ఇంకో పెద్ద పరీక్ష జరిగింది. 2011 డిసెంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు 16 మంది కాంగ్రెస్ సభ్యులు, ప్రజారాజ్యం గుర్తు మీద గెలిచిన శోభా నాగిరెడ్డి విప్‌ను ధిక్కరించి ఓటు వేశారు. స్పీకర్ వారి మీద అనర్హత వేటు వేశారు. చిరంజీవి రాజ్యసభకు వెళ్ళడంతో ఖాళీ అయిన తిరుపతితో కలిపి 18 సీట్లు. పోలింగ్‌కు 2 వారాల ముందు వైఎస్సార్ కాంగ్రెస్ అధినేత జగన్ అరెస్టయ్యారు, ప్రచారం ఆయన తల్లి విజయమ్మ, చెల్లెలు షర్మిల చేతుల మీద సాగింది. అనర్హులైన 17 మందీ వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున తిరిగి నిలబడితే 14 మంది గెలిచారు. తిరుపతి కూడా ఆ పార్టీకే రావడంతో మొత్తం 15. నరసాపురం, రామచంద్రపురం కాంగ్రెస్‌కు వెళ్ళాయి. వరంగల్ జిల్లా పరకాలలో కొండా సురేఖ 16 వందల లోపు ఓట్ల తేడాతో టీఆర్ఎస్ చేతిలో ఓడారు. పరకాల ఓటమే నాకు ఎక్కువ చెబుతుంది. సీమాంధ్రలో ఆ ఉప ఎన్నిక అడిగిన ప్రశ్న వైఎస్ వారసత్వం గురించి. ఆ ప్రశ్నను తెలంగాణ జిల్లాకు తీసుకువెళ్తే, అక్కడి జనం మనసులో అప్పటికే వేరే ప్రశ్న ఉంది. అదే పోలింగ్ రోజు, అదే అనర్హత, జవాబు వేరు.

ఇక డబ్బు మాట. ఉప ఎన్నికలో అధికార పార్టీ యంత్రాంగమంతా ఒకే నియోజకవర్గంలో దిగుతుంది, మంత్రులు మండలానికొకరు చొప్పున మకాం వేస్తారు, పథకాలు పరుగెత్తుకుంటూ వస్తాయి, అలాంటప్పుడు ఓటరు కారణాలు తూచడమేమిటి అన్నది చాలామంది అభిప్రాయం. ఇందులో నిజం ఉంది. 2014 తర్వాత తెలంగాణలో జరిగిన 7 అసెంబ్లీ ఉప ఎన్నికల్లో, 2022 మునుగోడు వరకు, 5 అధికార పార్టీవే. కాని మిగిలిన 2లో ఒకటి చూడండి. హుజూరాబాద్‌లో 2021 ఆగస్టులో దళితబంధు మొదలైంది, కుటుంబానికి 10 లక్షల రూపాయలు. అంత పెద్ద పథకం ఒక నియోజకవర్గంలో తొలుత అమలైన సందర్భం మరొకటి లేదనే చెప్పాలి. మంత్రివర్గం నుంచి తొలగింపుకు గురై, సభ్యత్వమూ వదులుకున్న ఈటల రాజేందర్ అక్టోబరు ఉప ఎన్నికలో 23 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. సాయం తీసుకున్నవాడు ఓటు కూడా అప్పగించాలన్న లెక్క అక్కడ తప్పింది. మునుగోడు నా వాదానికి అంత తేలిగ్గా లొంగదు. 2022లో కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి కాంగ్రెస్‌ను, సీటును వదిలి బీజేపీ తరఫున నిలబడ్డారు. 93 శాతం పోలింగ్ నమోదైంది, ఆయన 10 వేల తేడాతో ఓడారు. రాజీనామాకు ఆయన చెప్పిన కారణం నియోజకవర్గ అభివృద్ధి. దాన్ని జనం నమ్మలేదని నేను అనవచ్చు. కాని కమ్యూనిస్టులకు పాత బలమున్న ఆ సీటులో సీపీఐ, సీపీఎం రెండూ టీఆర్ఎస్‌ను బలపరిచాయి, 10 వేల తేడాలో వారి వాటా ఎంతో విడదీయడం కష్టం. ఇది ఒప్పుకుని ముందుకు వెళ్ళడమే న్యాయం. అలాగే పై సభకో లోక్‌సభకో వెళ్ళడానికి వదిలిన సీట్లను జనం ప్రతిసారీ శిక్షించలేదు. 2012లో తిరుపతి, 2019లో ఉత్తమ్‌కుమార్‌రెడ్డి వదిలిన హుజూర్‌నగర్ చేజారాయి గాని, 2004లో సిద్దిపేట హరీశ్‌రావుకు దక్కింది.

మరణంతో ఖాళీ అయిన సీట్ల విషయంలో మన పత్రికలు ఏళ్ళ తరబడి ఒకే మాట రాస్తున్నాయి, సానుభూతి పవనాలు. లెక్క తీస్తే ఆ మాట సగమే నిలుస్తుంది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మరణించిన సభ్యుడి కుటుంబం నుంచి నిలబడినవారు 6 చోట్లా గెలిచారు: ఆళ్ళగడ్డ, నందిగామ, తిరుపతి, నంద్యాల, బద్వేలు, ఆత్మకూరు. తెలంగాణలో 6 చోట్ల నిలబడితే ఒక్క చోటే గెలిచారు, నాగార్జునసాగర్‌లో. నారాయణఖేడ్‌లో కొడుకు, పాలేరులో భార్య, దుబ్బాకలో భార్య, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో సోదరి, 2025లో జూబ్లీహిల్స్‌లో భార్య ఓడిపోయారు. ఒక రాష్ట్రంలో జాలి ఎక్కువ, మరో రాష్ట్రంలో తక్కువ అని ఎవరూ అనరు. ఆంధ్రప్రదేశ్‌లోని ఆరింటిలో నంద్యాల తప్ప మిగతా అయిదింటిలో ప్రధాన ప్రత్యర్థి పార్టీ పోటీకి దిగలేదు, ఆళ్ళగడ్డ ఏకంగా ఏకగ్రీవం. 2009లో వైఎస్ మరణం తర్వాత పులివెందులలో విజయమ్మ ఎన్నిక కూడా ఏకగ్రీవమే. నంద్యాలలో పోటీ నిజమైనదే గాని అభ్యర్థి అధికార పార్టీ మనిషి. తెలంగాణలో ఓడినవారిలో నలుగురు ప్రతిపక్షం వారు. అధికార పార్టీ టికెట్టు ఉండి కూడా ఓడినది దుబ్బాకలో, అది కూడా 1,079 ఓట్లతో. అంటే సానుభూతి ఉంటుంది, కాని ఎదురు నిలిచేవాడు లేనప్పుడో, వెనక ప్రభుత్వం ఉన్నప్పుడో అది ఓట్లవుతుంది. చనిపోయిన మనిషి మీద గౌరవం వేరు, తనకు ప్రతినిధి ఎవరన్నది వేరు అని ఓటరు విడదీసి చూసుకున్నాడు. ఇది మన ఓటరుకు గౌరవం తెచ్చే విషయమే తప్ప అతని మనసు రాయి అయిందనడానికి గుర్తు కాదు.

ఉప ఎన్నికను రాబోయే సాధారణ ఎన్నికకు సెమీఫైనల్ అనడం మరో అలవాటు. 2012 జూన్‌లో 18కి 15 గెలిచిన పార్టీ 2014లో ఆంధ్రప్రదేశ్‌లో అధికారానికి రాలేదు. 2017 ఆగస్టులో నంద్యాలను 27 వేలతో గెలిచిన తెలుగుదేశం 2019లో 23 సీట్లకు పరిమితమైంది. దుబ్బాక, హుజూరాబాద్‌లలో గెలిచిన బీజేపీ నాయకులిద్దరూ 2023లో అవే సీట్లలో ఓడిపోయారు. మునుగోడులో ఓడిన రాజగోపాల్‌రెడ్డి 2023లో తిరిగి కాంగ్రెస్ గుర్తు మీద గెలిచారు. జోస్యంగా చూస్తే ఈ ఉప ఎన్నికలన్నీ తప్పినట్టే. ఆ రోజు అడిగిన ప్రశ్నకు ఆ రోజు ఇచ్చిన జవాబుగా చూస్తే వీటిలో తప్పినవి తక్కువ. 1970లో సిద్దిపేట చెప్పింది నిజం, 2008లో తెలంగాణ చెప్పింది నిజం, 2010లో చెప్పిందీ నిజం.

ఇంత దూరం వచ్చాక, జరిగిన ఉప ఎన్నికల కంటే జరగనివి నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నాయి. రాజీనామా చీటీ స్పీకర్ చేతికి వెళ్ళాక ఎప్పుడు తేల్చాలో రాజ్యాంగం చెప్పదు. 1974లో వచ్చిన 33వ సవరణ ప్రకారం అది స్వచ్ఛందమా, నిజమైనదా అని స్పీకర్ తృప్తి పడాలి. గుజరాత్ ఉద్యమంలో సభ్యుల మీద ఒత్తిడి తెచ్చి రాజీనామాలు చేయించారన్న ఆరోపణల తర్వాత వచ్చిన సవరణ ఇది, ఉద్దేశం మంచిదే. 2011 జూలైలో తెలంగాణ సభ్యులు వంద మంది దాకా ఇచ్చిన రాజీనామాలను ఆవేశంలో చేసినవంటూ స్పీకర్ తిరస్కరించారు. అవి ఆమోదం పొంది ఉంటే తెలంగాణ అంతటా ఒకేసారి ప్రజాభిప్రాయం తేలేది. ఫిరాయింపుల సంగతి ఇంకా చేదు. 2014–19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు అధికార పక్షంలో చేరారు, వారిలో నలుగురు మంత్రులయ్యారు, ఫిరాయింపు కారణంగా ఒక్క సీటూ ఖాళీ కాలేదు. 2012లో 17 మంది మీద వేటు పడితే ఓటరు తన మాట చెప్పగలిగాడు. ఈ ఫిరాయింపుల మీద మాత్రం 2019 ఎన్నికల దాకా ఆగవలసి వచ్చింది. తెలంగాణలో 2023 తర్వాత పార్టీ మారారన్న 10 మంది సభ్యుల విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది, 3 నెలల్లో తేల్చమని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పవలసి వచ్చింది.

రాజీనామాలకూ అలాంటి గడువే కావాలి. నెల రోజులు చాలు, మనిషిని పిలిచి సొంత ఇష్టంతోనే చేశారా అని అడగడానికి అంతకన్నా సమయం అక్కరలేదు. ప్రత్యేక హోదా కోసం 2018 ఏప్రిల్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు అయిదుగురు రాజీనామా చేస్తే జూన్ మూడో వారంలో ఆమోదించారు. లోక్‌సభ కాలం అప్పటికి ఏడాదిలోపుకు వచ్చేసింది, ఉప ఎన్నిక రాలేదు. హోదా మీద అయిదు నియోజకవర్గాల ప్రజలు చెప్పవలసిన మాట చెప్పకుండానే పోయింది. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణను నిరసిస్తూ విశాఖ ఉత్తరం శాసనసభ్యుడు గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చారు. దాన్ని స్పీకర్ ఆమోదించింది 2024 జనవరిలో. సభ కాలం అప్పటికి కొన్ని నెలలే మిగిలింది, ఆ సీటుకూ ఉప ఎన్నిక జరగలేదు.